పిట్టల పంచనామా

మా బావ రిటైరైన మండల సర్వేయర్. ముప్పై రెండేళ్లు గొలుసు పట్టుకొని సిద్దిపేట చుట్టుపక్కల గట్లు కొలిచాడు. అన్నదమ్ముల నడుమ జానెడు జాగా తేల్చడానికి పొద్దంతా ఎండలో నిలబడి, చివరకు ఇద్దరితోనూ తిట్లు తిన్న మనిషి. కొలువు దిగినా కొలిచే చెయ్యి ఊరుకోదు కదా! పక్కింటాయన వేపచెట్టు కొమ్మ తన ప్రహరీ దాటి నాలుగడుగుల రెండంగుళాలు లోపలికి వచ్చిందని తేల్చి, దాన్ని కొట్టించాలని ఊళ్లోని ఆఫీసులో దరఖాస్తు పెట్టాడు. దాన్ని పట్టించుకున్నవాళ్లు లేరు. బావ మరిచిపోయిందీ లేదు.

మా ఊళ్లో రిటైరైన మగవాళ్లకు మొదట్నుంచీ మూడే దారులు: గుడి కమిటీ, ప్లాట్ల బేరం, మనుమల స్కూలు బస్సు. ఈ మధ్య నాలుగోది తెరుచుకుంది. 2020లో రంగనాయక సాగర్‌కు, కొండపోచమ్మ సాగర్‌కు నీళ్లొచ్చాయి. 2022లో 50 టీఎంసీలు పట్టే కడుపుతో మల్లన్న సాగర్ తోడైంది. నీళ్ల వెనక కొంగలొచ్చాయి, కొంగల వెనక కెమెరాలొచ్చాయి, కెమెరాల వెనక మా బావ వచ్చాడు.

పిట్టల సార్లు మన పక్కనే ఉంటారు గానీ మనతో ఉండరు. మాట్లాడుతుంటే మన చెవి మీదుగా వెనకున్న చెట్టును చూస్తుంటారు. పెళ్లికి పోతే పందిరి రాట మీది పిచ్చుకను, చావుకు పోతే పిండం దగ్గరికి వచ్చిన కాకిని రాసుకుంటారు. జీవితంలో మొదటిసారి చూసిన పిట్టను లైఫర్ అంటారు. "ఇయ్యాల రెండు లైఫర్లు దొరికినయ్!" అని బావ ఫోన్లో అరిస్తే మా నాన్న కంగారుపడి, "అల్లుడు జైలు డిపార్ట్‌మెంట్ల ఎప్పుడు జేరిండే?" అని అక్కను అడిగాడు.

తక్కినవాళ్లు పిట్టలను ఫోన్లో ఎక్కిస్తారు. బావ మాత్రం పాత పహాణీలాంటి రిజిస్టరు పెట్టాడు. క్రమసంఖ్య, పిట్ట పేరు, ఎన్ని, ఏ సర్వే నంబరులో, ఏ రాష్ట్రం, రిమార్కులు. దేవుడి గూట్లో వెంకటేశ్వరస్వామి పక్కన సలీం అలీ ఫొటో ఉంటుంది. ఆ మహానుభావుడు 1931-32లో నిజాం రాజ్యంలో పక్షుల సర్వే చేశాడు. సర్వే అన్న మాట ఉంది గనుక, మా బావ లెక్కలో ఆయన డిపార్ట్‌మెంటు మనిషే.

మొన్న సంక్రాంతి సెలవుల్లో బావ నన్ను తెల్లవారుజామున నాలుగింటికి లేపాడు.

"మల్లన్న సాగర్ నీళ్లకు మూలం యాడున్నది బామ్మర్దీ? గోదావరిల. గోదావరికి ఆ బలం యాడికెళ్లొచ్చింది? ప్రాణహితల కెళ్లి. భూమి కొంటే లింకు డాక్యుమెంట్లు సూస్తమా లేదా? పిట్టలకు గూడ సూడాలె. నడువ్!"

రాజీవ్ రహదారి ఎక్కాం. కరీంనగర్ దాకా గంటన్నర పట్టాల్సిన దారి మూడు గంటలు పట్టింది. బండి వేగం అందుకునేసరికి "ఆపు!" అంటాడు. ఒకసారి పాలపిట్ట. ఒకసారి కరెంటు తీగ మీద పసులపోలిగాడు. ఇంకోసారి తుమ్మకొమ్మకు చిక్కిన నీలం కవరు. అది కూడా రిజిస్టరులో "విచారణలో ఉంది" అనే రిమార్కుతో ఎక్కింది. పెద్దపల్లి, మంచిర్యాల, బెల్లంపల్లి, కాగజ్‌నగర్ దాటి తుమ్మిడిహెట్టి చేరేసరికి నా కాలు బ్రేకు మీదనే పుట్టినట్టుంది.

అక్కడ వార్ధా, వైన్‌గంగ కలిసి ప్రాణహిత అవుతాయి. అక్కణ్నుంచి కాళేశ్వరం దాకా 113 కిలోమీటర్లు ఇటు తెలంగాణ, అటు మహారాష్ట్ర. ఒకప్పుడు ఇటు నిజాం, అటు ఇంగ్లీషువాడు. ఇక్కడ ఆనకట్ట 152 మీటర్లా, 148 మీటర్లా అని రెండు రాష్ట్రాలు ఏళ్ల తరబడి వాదించుకొని, 2016లో 148 దగ్గర సంతకాలు పెట్టాయి. నాలుగు మీటర్ల తేడాకు అంత పంచాయితీ నడిచిన ఏరంటే మా బావకు కాశీతో సమానం. చెప్పులు విడిచి దండం పెట్టాడు.

దుర్భిణి కళ్లకు ఆనించిన మరుక్షణం ఆయన ముఖం మారింది. ఇటు ఇసుక మీద ఒకటి, అటు ఇసుక మీద ఒకటి, బంగారు రంగు బాతులు. చక్రవాకాలు! టిబెట్, లద్దాఖ్ దిక్కు పుట్టి చలికాలానికి మన ఏళ్ల మీదికి దిగే పక్షులు. మన కవులు వందల ఏళ్లుగా వీటి జంటను రాత్రయితే ఏటికి చెరో ఒడ్డున నిలబెట్టి ఏడిపించారు. ఇవి పట్టపగలే ఆ పద్యం అప్పజెప్పుతున్నాయి.

"ఏది మొగదో ఎట్ల ఎరుక బావా?"

"మెడల నల్లపట్టీ ఉన్నది మొగది."

పిట్టల్లో నల్లపూసలు మొగుడే వేసుకుంటాడన్నమాట.

బావ రిజిస్టరు తెరిచాడు, రాష్ట్రం అనే గడి దగ్గర కలం ఆగిపోయింది. "మొగడు మహారాష్ట్రల, పెండ్లాం తెలంగాణల. ఇది స్పౌజ్ కేసు!" అన్నాడు. 2021లో 317 జీవో వచ్చినప్పుడు చెరో జిల్లాలో పడ్డ టీచరు దంపతుల గోడు మా అక్కావాళ్ల వరండాలో ఎంతో విన్నాం. ఇక్కడ ఏకంగా అంతర్రాష్ట్ర బదిలీ. అదే సమయానికి నా ఫోన్ మోగి, తెలంగాణ మట్టి మీద నిలబడ్డ నాకు మహారాష్ట్రకు స్వాగతం పలికింది. బావ ఆ మెసేజ్‌ను అనుమానంగా చూసి, "సిగ్నల్ గూడ గట్టు జరిపింది" అన్నాడు.

ఒడ్డున వల దులుపుకుంటున్న పడవాయనను పిలిచాడు.

"ఏం తమ్మీ, ఈ బాతులు ఏ దిక్కువి?"

"ఏటియి సార్."

"అట్ల గాదు. మనయా, వాళ్లయా?"

పడవాయన వల పక్కన పెట్టాడు. "మా బిడ్డను అవతల ఒడ్డుకిచ్చినం సార్. మనుమడు ఆడ మరాఠీ బడికి పోతడు, ఈడ మా ముసల్దానితోని తెలుగుల కొట్లాడుతడు. ఆన్ని గూడ రాసుకుంటరా?"

బావ ఆ గడిని ఖాళీగా వదిలేశాడు. నేనెరిగినంతలో ఆయన ఖాళీగా వదిలిన మొదటి గడి అదే.

మరునాడు అటవీశాఖ అనుమతితో బెజ్జూరు అడవుల్లో పెద్దవాగు మీది పాలరాపు గుట్టకు పోయాం. 2013లో ఇక్కడ పొడుగుముక్కు రాబందుల గూళ్లు బయటపడ్డాయి. పశువులకు వేసే డైక్లోఫెనాక్ సూదిమందు, ఆ కళేబరాలు తిన్న రాబందుల మూత్రపిండాలను దెబ్బతీసి జాతికి జాతినే తుడిచిపెట్టింది. 2006లో ఆ మందును పశువులకు వాడకుండా నిషేధించేనాటికే నూటికి తొంభైకి పైగా పోయాయి. మిగిలిన కొన్ని ఈ రాతిగుట్టను పట్టుకొని ఉన్నాయి. రాతి అరల మీద సున్నం వెల్ల వేసినట్టు రెట్టల చారలు. ఒక రాబందు రెక్క కొట్టకుండానే గాలి మీద చుట్లు తిరుగుతోంది. బావ అరగంట సేపు ఒక్క అంకె కూడా చెప్పలేదు.

"పొద్దెక్కినంక ఏటవతలికి పోతయ్ సార్, పొద్దుగూకే యాళ్లకు గూటికొస్తయ్," అన్నాడు వెంట వచ్చిన వాచరు.

అంతే, బావలోని సర్వేయర్ నిద్రలేచాడు. "తిండి ఆడ, పండుడు ఈడ! మరి స్థానికత ఎట్ల?" గుట్ట దిగేదాకా తనలో తనే గొణుక్కున్నాడు. బండి ఎక్కాక తొడ చరిచాడు. "దొరికింది బామ్మర్దీ! ఒకటి నుంచి ఏడు దాకా యాడ ఎక్కువ సదివితె ఆడి లోకల్. పిట్టకు బడేది? గూడే బడి. గూడు యాడుంటె ఆడి లోకల్!"

"మరి చక్రవాకాలు?"

"అయి డిప్యుటేషన్ మీదొచ్చినయ్."

రూలు దొరికిన ఆనందంలో సిద్దిపేట దాకా ఒక్కచోట కూడా "ఆపు" అనలేదు.

ఎండాకాలం మొదలైంది. ఒకరోజు పొద్దున మా అక్క ఫోన్ చేసి "జెర వచ్చిపోరా, మీ బావ గోడెక్కిండు" అంది. పోయి చూస్తే, పాత దరఖాస్తుకు ఎట్టకేలకు మోక్షం వచ్చింది. రంపంతో ఇద్దరు మనుషులు నిలబడ్డారు. వేపకొమ్మ మీద పిగిలిపిట్టల జంట గూడు కట్టింది. బావ గోడ మీద చేతులు చాపి అడ్డంగా ఉన్నాడు.

"కొట్టమన్నది మీరే గద సారూ?" అని పక్కింటాయన నవ్వుతున్నాడు. "చెట్టు మాది, పిట్ట గూడ మాదే."

బావ జేబులోంచి టేపు తీశాడు. గోడ అంచు నుంచి గూడు దాకా రెండడుగుల మూడంగుళాలు, తన దిక్కే. "చెట్టు నీదే, కాదన్న. గూడు నా హద్దుల ఉన్నది. పిల్లలు నా లోకల్."

పక్కింటాయన గూడు వైపు ఎగిరెగిరి చూసి, "సరే తియ్యి సారూ, వేర్లకు నీళ్లు నేను పోస్త," అన్నాడు. అక్కడికక్కడే పంచనామా రాసి, ఇద్దరూ సంతకాలు పెట్టారు. మా బావ సర్వీసంతా కలిపినా, రెండు దిక్కులవాళ్లూ తిట్టుకోకుండా సంతకం పెట్టిన కాగితం ఇదొక్కటే. దరఖాస్తు వాపసు తీసుకోవడానికి కారణం రాయమని ఆఫీసులో గుమాస్తా అడిగితే, బావ కళ్లజోడు సవరించుకొని గుండ్రటి అక్షరాలతో ఇలా రాశాడు:

"సదరు కొమ్మపై స్థానికులు నివాసముంటున్నందున."