బరువు గుండుది, పరువు మనిషిది

గాలం వేసేవాడికి ఓర్పు ఒక్కటి ఉంటే చాలునన్న చెరువుగట్టు సూత్రం ఉత్తర అమెరికా మహాసరస్సుల దగ్గర చెల్లదు. అక్కడ ఓర్పుకు తోడు అయిదు కిలోల సీసపు గుండు కూడా ఉండాలి. సుపీరియర్ సరస్సు గరిష్ఠ లోతు 406 మీటర్లు, మిచిగన్ సరస్సుది 281 మీటర్లు. వేసవిలో పైనీరు ఎండకు వేడెక్కి తేలికై పైనే నిలిచిపోగా, 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర అత్యధిక సాంద్రత పొందే చల్లనీరు అడుగున చేరుతుంది. ఈ రెండింటి నడుమ ఉష్ణోగ్రత చకచకా పడిపోయే పొరకు థర్మోక్లైన్ అని పేరు. దాదాపు 10 డిగ్రీల నీటిని కోరుకునే లేక్ ట్రౌట్ చేప ఆ పొర దగ్గరో, దాని దిగువనో చల్లగా కాపురం పెడుతుంది గనుక, పైన పడవలో చెమటలు కక్కుతున్న మనిషి తానే తెలివైన ప్రాణినని నిరూపించుకోవడానికి పరికరాలు కొనవలసి వస్తుంది.

వీటిలో మొదటిది లెడ్‌కోర్, అనగా అల్లిన నైలాన్ తొడుగులో సన్నని సీసపు తీగను ఇమిడ్చిన గాలపు దారం. ప్రతి పది గజాలకూ దీని రంగు మారుతుంది కాబట్టి, ఎంత దారం వదిలారో వేటగాళ్లు గజాల్లో కాక రంగుల్లో చెప్పుకుంటారు. రంగుకు సుమారు అయిదడుగుల లోతు అన్నది వాడుక లెక్క అయినా, పడవ కాస్త వేగం పుంజుకోగానే దారం పైకి లేవడంతో ఆ లెక్క అక్షరాలా నీళ్లపాలవుతుంది.

రెండవది డౌన్‌రిగ్గర్. 1966లో మిచిగన్ రాష్ట్రం పసిఫిక్ తీరపు కోహో సాల్మన్ పిల్లలను వదిలిన తరువాత మిచిగన్ సరస్సులో వినోదవేట జాతరగా మారి, ఈ సాధనానికి గిరాకీ పెరిగింది. పడవ అంచున బిగించిన రాట్నం నుంచి ఉక్కుతీగ కొసన గుండు దిగుతుంది. గాలపు దారాన్ని గుండు దగ్గరి క్లిప్పుకు తగిలించి, పైన కర్ర విల్లులా వంగేదాకా బిగిస్తారు. చేప ఎరను అందుకోగానే క్లిప్పు దారాన్ని వదిలేస్తుంది, వంగిన కర్ర ఒక్క ఉదుటున నిటారుగా లేస్తుంది, అంతదాకా సీసా మూత తీయడంలో నిమగ్నుడై ఉన్న వీరుడు కర్ర మీదకు దూకుతాడు. ఎరను అడుగుకు మోసినదీ, ఆ లోతున నిలిపినదీ గుండే అయినా, పోరు మొదలయ్యే వేళకు అది మర్యాదగా తప్పుకుంటుంది గనుక, సన్నని దారంతో, కేవలం మణికట్టు నేర్పుతో చేపను లొంగదీశానని చెప్పుకోవడానికి అడ్డేమీ ఉండదు. ఫోటోలో చేప ఉంటుంది, మనిషి ఉంటాడు, గుండు ఉండదు; చేప దొరకని రోజున మాత్రం తప్పంతా గుండుదే.

పైకి లాగుతున్నకొద్దీ నీటి ఒత్తిడి తగ్గి చేప వాయుకోశంలోని గాలి వ్యాకోచిస్తుంది. లేక్ ట్రౌట్‌కు ఆ కోశాన్ని ఆహారనాళంతో కలిపే గొట్టం ఉండటంవల్ల అది అదనపు గాలిని బుడగలుగా వదిలేసి తేలికపడుతుంది. దానిని పట్టినవాడికి మాత్రం, ఒడ్డు చేరేసరికి ఎంత ఉబ్బినా, అటువంటి గొట్టమేదీ ప్రకృతి అమర్చలేదు.