తండాకు డ్యూటీ పడిన బ్యాలెట్ పెట్టె

మండల పరిషత్ కార్యాలయపు వెనుకగదిలో, తుప్పుపట్టిన బీరువాలకును చెదలు తిన్న రిజిస్టర్లకును నడుమ, ఎన్నికలు వచ్చిననే తప్ప ఎవ్వరికిని జ్ఞప్తికి రాని ఇనుపపెట్టెను నేను. మా వంశము సామాన్యమైనది కాదు. 1951–52 నాటి తొలి సార్వత్రిక ఎన్నికలలో అభ్యర్థికొకటి చొప్పున, వారివారి గుర్తులు ధరించి మా పెద్దలు బారులు తీరి కూర్చుండగా, ఓటరు ఏ ముద్రయు లేని కాగితమును తనకు నచ్చిన పెట్టెలో విడిచి వచ్చెడివాడు. పిమ్మట ముద్ర వేయు పద్ధతి వచ్చి మేము అభ్యర్థులందఱికిని ఉమ్మడివారమైతిమి. ఆపై యంత్రములు వచ్చి, 2004 నాటికి లోక్‌సభ ఎన్నికలలో మాకు పని లేకుండ చేసినవి. మా గ్రామపంచాయతీలు మాత్రము మమ్ము విడువలేదు.

2019 జనవరిలో తెలంగాణమున మూడు విడతలుగా పంచాయతీ ఎన్నికలు జరిగినప్పుడు నాకొక లంబాడీ తండాకు డ్యూటీ పడినది. అంతకు ముందేడు వచ్చిన పంచాయతీరాజ్ చట్టముచే తండాలు పంచాయతీలైనవి గనుక, అచ్చటివారు తమ సర్పంచును తామెన్నుకొనుట అదియే ప్రథమము. నన్ను తీసికొనిపోయిన ప్రిసైడింగ్ అధికారిణి యొక పంతులమ్మ. ఆమెకును అదియే తొలి డ్యూటీ. శిక్షణలో కాగితపు సీలు బిగింపబోయి చించివేసి చీవాట్లు తిన్నది గాని, తండా బడిలో తెల్లవారుజామున ఏజెంట్లకు నా ఖాళీ కడుపు చూపి, సీలుపై వారిచేత సంతకములు చేయించి, చిరుగు పడకుండ బిగించినప్పుడు ఆమె వ్రేళ్లు వణకలేదు. పదవి స్త్రీలకు కేటాయింపబడుటచే పోటీపడినవారిద్దరును స్త్రీలే. ఏజెంట్లుగా కూర్చున్నవారు మాత్రము వారి భర్తలు. ఒకరినొకరు "బావా" యని పిలుచుకొనుచునే ఒకరి ఓటర్లను మఱియొకరు అనుమానముతో చూచుచుండిరి.

ఏడు గంటలకు పోలింగు మొదలైనది. వ్రేలికి సిరా చుక్క పెట్టించుకొని వచ్చిన ఒక ముసలమ్మ, సర్పంచుకు గులాబీ కాగితమును, వార్డు సభ్యునికి తెల్ల కాగితమును చేత బట్టుకొని దిక్కులు చూచుచుండగా, పంతులమ్మ తాను ముందే వేసియుంచిన మడతలను చూపి, "అవ్వా, ముద్ర గుద్దినంక ముందుగాల నిలువుగ మడువు, తర్వాత అడ్డంగ" అన్నది. అట్లు మడచిననే పచ్చి సిరా పక్క అభ్యర్థి గుర్తుపై అంటకుండును. ఇంత చిన్న మడతలో ఎంత వివేకమున్నదో, దానిని కనిపెట్టిన అజ్ఞాత గుమాస్తాకు నేను నేటికిని మ్రొక్కుదును.

ఒంటిగంటకు పోలింగు ముగిసినది; రెండు గంటలకు ఆ గదిలోనే నా మూత తెరచిరి. శాసనసభ ఎన్నికలలో పోలింగు సిబ్బంది యంత్రమును అప్పగించి యిల్లు చేరుదురు. ఇచ్చటనో, ఉదయము కాగితములిచ్చిన చేతులే మధ్యాహ్నము వానిని విప్పి, రంగులవారీగా వేరుపఱచి, ఇరువదియైదేసి కట్టలు కట్టి లెక్కింపవలెను. ఓడనున్నవారి బంధువులు కిటికీ యవతలనే నిలిచియుందురు. స్వస్తిక్ ముద్రకు మారుగా బొటనవ్రేలి ముద్ర గల గులాబీ కాగితమొకటి వచ్చినప్పుడు, "మా వాళ్ల ఓటే గదా అది!" అని ఒక బావ లేచెను. రిటర్నింగ్ అధికారి అది చెల్లదని నిర్ణయించెను. పంతులమ్మ ఆ కాగితమును ఇద్దఱు బావల కన్నుల యెదుటను ఎత్తిపట్టి, కారణము చెప్పి, చెల్లని కట్టలో చేర్చినది. మాఱుమాట రాలేదు. ఫలితము ప్రకటించి, ఉపసర్పంచు ఎన్నికయు ముగించి బయలుదేరునప్పటికి చీకటి పడినది. ఆమెకు మధ్యాహ్నభోజనమును లేదు.

యంత్రములను గూర్చి పత్రికలలో ఎంతయో వాదము జరుగుచుండును గాని, ఇట్టివారిని గూర్చి ఒక్క పంక్తియు కానరాదు. చదువరులలో ఉపాధ్యాయులున్నచో నాదొక విన్నపము: ఈసారి డ్యూటీ ఉత్తరువు చేతికందగానే వైద్యుని సర్టిఫికెట్టుకై పరుగెత్తకుడు, శిక్షణకు వచ్చి, నా సీలు బిగించుట ఒక్కసారి చేతులార నేర్చుకొనుడు.