మైక్రాన్ మావయ్య

కొత్త కారు కనబడగానే ఒకాయన ధర అడుగుతాడు, ఇంకొకాయన మైలేజీ అడుగుతాడు, బావమరిది తాళాలు అడుగుతాడు. మైక్రాన్ మావయ్య ఏమీ అడగడు. సెల్‌ఫోను లైటు వేసి, బానెట్ పక్కన గొంతుకూర్చుని, రేకుకు చెంప ఆనేంత దగ్గరగా వంగి ఏటవాలుగా చూస్తాడు. తర్వాత లేచి, ఎక్స్‌రే చూసిన డాక్టరులా నిట్టూర్చి, "గీతలున్నాయి. మీకు కనబడవు లెండి" అంటాడు. ఆ క్షణం నుంచి కారున్నవాడికి అవే కనబడతాయి.

హైదరాబాదులో ఈ జాతి మనిషి లేని అపార్ట్‌మెంట్ ఇప్పుడు అరుదు. నలభై అయిదు దాటి ఉంటాయి, ఇంటి లోను తీరవచ్చి ఉంటుంది, పిల్లలు మాట వినడం మానేసి ఉంటారు. మా సెల్లారులో ఉన్నాయనకు ఆ పిల్లలే ఈ పేరు పెట్టారు. అసలు ఆయనది కవర్ల వంశం. తండ్రిగారు స్కూటరు సీటు మీద షోరూమువాళ్లు తొడిగిన ప్లాస్టిక్ సంచిని అది పీలికలయ్యేదాకా తీయనివ్వలేదు. ఇప్పటికీ వాళ్లింట్లో రిమోటు పాలిథీన్ సంచిలోనే ఉంటుంది, సోఫా మీద దుప్పటి ఉంటుంది, దుప్పటి మాయకుండా దానిమీద తువ్వాలు ఉంటుంది. ఆ సోఫా రంగేమిటో పెళ్లయి వచ్చిన కోడలికి కూడా తెలియదు.

కారు ఎంచుకోవడానికి మావయ్యకు రెండు ఆదివారాలు చాలాయి. దాని రంగుకు రక్షణ ఎంచుకోవడానికి ఒక వేసవి, ఒక వానాకాలం పట్టింది. డెలివరీ రోజున షోరూము కుర్రాడు టెఫ్లాన్ కోటింగ్ వేయించుకోమన్నాడు. మావయ్య కళ్లజోడు సవరించుకున్నాడు. "బాబూ, టెఫ్లాన్ 1938లో బయటపడింది. దాని గొప్పంతా ఏదీ దానికి అంటుకోకపోవడంలోనే ఉంది. మరి అది నా కారుకు ఎలా అంటుకుంటుందో చెప్పు." కుర్రాడు మేనేజరును పిలిచాడు. మేనేజరు వచ్చి ఉచితంగా కాలిపట్టాలు ఇచ్చి పంపేశాడు.

అక్కడి నుంచి పెద్దమ్మ గుడికి. కొత్త బండికి పసుపు రాసి, బానెట్ మీద స్వస్తిక్ వేసి, దండ వేయాలి కదా. దండ వద్దన్నాడు, లోపల తీగ ఉంటుందట. పసుపు వద్దన్నాడు, మరక పడుతుందట. "పంతులుగారూ, బొట్టేదో అద్దానికి పెట్టేయండి." పంతులుగారు తల ఎత్తకుండానే, "అట్లాగే నాయనా, అమ్మవారు అద్దం వరకు చూసుకుంటుంది, మిగతాది మీరు చూసుకోండి" అన్నారు. మావయ్య దాన్ని అనుమతిగానే తీసుకున్నాడు.

తర్వాతి మజిలీ సెరామిక్ కోటింగ్. దుకాణంవాడు "9హెచ్ గట్టిదనం సార్, వజ్రం లెక్క" అన్నాడు. వజ్రం కాదు, అది పెన్సిళ్ల కొలత. వరసగా గట్టి పెన్సిళ్లతో గీకి చూసి వేసే లెక్క. ఆ మాట చెప్పి మావయ్య జేబులోంచి డ్రాయింగ్ పెన్సిలు తీశాడు. డెమో కారు ఓనరు సమయానికి అడ్డుపడ్డాడు. ఇక ఆయన ఉపన్యాసం మొదలైంది. మిల్లీమీటరులో వెయ్యోవంతు ఒక మైక్రాన్. కంపెనీ వేసే రంగు పొరలన్నీ కలిపితే సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు, అందులో పైన మెరిసే క్లియర్ కోటు 40, 50. సెరామిక్ దానిమీద ఒకటో రెండో మైక్రాన్లు. "నీళ్లు జారతాయి, మెరుస్తుంది, ఒప్పుకుంటాను. ఔటర్ రింగ్ రోడ్డు మీద కంకర టిప్పరు వెనకాల పోతుంటే ఎగిరొచ్చే రాయిని ఈ రెండు మైక్రాన్లు ఆపుతాయా?" ఆపవు. ఆయన చెప్పేవన్నీ నిజాలే, అదే అసలు బాధ.

రాయిని ఆపేది రంగు మీద అంటించే పారదర్శకమైన ఫిల్మ్. వియత్నాం యుద్ధంలో అమెరికా హెలికాప్టర్ల రెక్కలను ఇసుకా రాళ్లూ కొట్టేయకుండా అంటించిన పట్టీల సంతతి ఇది. ఇప్పుడు కూకట్‌పల్లిలో కూరగాయల బండ్ల నుంచి మావయ్య తలుపులను కాపాడుతోంది. 200 మైక్రాన్ల మందం, లక్ష దాటిన బిల్లు. సన్నగీత పడితే వేడికి దానంతటదే మానిపోతుంది. మే నెలలో ఆ పని ఎండ ఉచితంగా చేసిపెడుతుంది. జనవరిలో పడితే మాత్రం మావయ్య తెల్లవారుజామునే చెంబుతో వేణ్నీళ్లు పట్టుకుని సెల్లారులోకి దిగుతాడు. "ఏవండీ, చంటిదానికి కూడా మీరెప్పుడూ నీళ్లు కాచలేదు" అని పైనుంచి అత్తయ్య గొంతు.

ఆయనకు శత్రువులు ముగ్గురు. ఒకరు మూడో అంతస్తు పెద్దావిడ, పుణ్యానికని పావురాలకు జొన్నలు వేస్తుంది. ఆ పుణ్యం దూలాల మీద నుంచి నేరుగా బానెట్ మీద పడుతుంది. రెట్టలో ఆమ్లం ఉంటుంది, ఆరేదాకా వదిలేస్తే రంగును తినేస్తుంది. రెండోది బోరు నీళ్లు, ఆరితే తెల్లమచ్చలు. మూడోవాడు పొద్దున్నే కార్లు తుడిచే కుర్రాడు. దుమ్ము మీద పొడిగుడ్డ లాగడమంటే గరుకు కాగితం పెట్టి రుద్దడమేనని మావయ్య వాడికి రోజూ చెబుతాడు. ముందు నీళ్లు కొట్టాలి, సబ్బుకో బకెట్టు, గుడ్డ జాడించడానికి ఇంకో బకెట్టు. ఈ ఒక్క పాఠానికి నేను ఆయనకు పాదాభివందనం చేస్తాను. కుర్రాడు మాత్రం, "రెండో బకెట్టుకు ఇంకో మూడొందలు సార్" అన్నాడు.

విచిత్రమేమిటంటే, ఇతరుల కారు విషయంలో ఆయనంత తెలివైనవాడు లేడు. మొన్న రెండో ఫ్లోరు అబ్బాయి కొత్త కారు కొని, "అంకుల్, నేనేం వేయించను?" అని అడిగాడు.

"ఎక్కడ పెడతావ్?"

"ఇక్కడే అంకుల్, సెల్లారులో."

"హైవే మీద తిరుగుతావా?"

"సంక్రాంతికి ఊరెళతా, అంతే."

"అయితే నీళ్లతో కడుక్కో, అప్పుడప్పుడు వ్యాక్స్ పెట్టుకో. మిగిలిన డబ్బుతో మంచి టైర్లు కొనుక్కో."

ఆ అబ్బాయి సంతోషంగా వెళ్లిపోయాడు. మావయ్య కారు కూడా సెల్లారులోనే ఉంటుందనీ, సంక్రాంతికి ఆయన రైల్లో వెళతాడనీ ఎవరూ గుర్తుచేయలేదు.

కిందటి నెల కారు అమ్మేద్దామనుకున్నాడు. పాతకార్ల కంపెనీ నుంచి ఒక పిల్లవాడు మందం కొలిచే చిన్న మిషను తెచ్చి బానెట్ మీద ఆనించాడు. 330 వచ్చింది. తలుపు 320. పిల్లవాడు మొహం ముడిచాడు. "సార్, బండికి యాక్సిడెంట్ అయిందా? మొత్తం పుట్టీ పెట్టి పెయింట్ కొట్టించినట్టుంది."

మావయ్యకు నోట మాట రాలేదు. కాస్త తేరుకుని హెలికాప్టర్ల దగ్గర మొదలుపెట్టి అంతా వివరించాడు. పిల్లవాడు ఓపిగ్గానే విన్నాడు. "అయితే ఒక పని చేయండి సార్. ఒక మూల ఫిల్మ్ లేపి చూపించండి, కింద రంగు కొలుస్తాను."

బేరం అక్కడితో చెడింది. కారు ఇంకా మా సెల్లారులోనే ఉంది. ఫిల్మ్ కాస్త మాసినట్టు కనబడుతోందని, దాన్ని కాపాడటానికి పైన సెరామిక్ వేస్తారేమో కనుక్కోవడానికి మావయ్య ఆ పెన్సిళ్ల దుకాణానికి మళ్లీ వెళ్లాడట.