చెల్లని చెక్కు, చెల్లే సాకు

అప్పు ఎగ్గొట్టేవాడికి మన దేశంలో చట్టాన్ని మించిన చుట్టం లేదు. నమ్మకపోతే మా పెదనాన్నని అడగండి.

పొలం అమ్మిన డబ్బులో మూడు లక్షలు తెలిసిన కుర్రాడికి నూటికి రూపాయిన్నర వడ్డీకిచ్చాడు. ప్రామిసరీ నోటు రాయించి, రూపాయి రెవిన్యూ స్టాంపు మీద సంతకం పెట్టించాడు. నోటుకు మూడేళ్లే ఆయుష్షు. ఈలోగా ఎంతోకొంత కట్టించి వెనక చెల్లు వేయిస్తే మరో మూడేళ్లు. గడువు దగ్గరపడిందని పెదనాన్న గుర్తుచేస్తే, "నోటెందుకు బాబాయ్ గారూ, చెక్కే రాసిస్తా" అన్నాడు కుర్రాడు. రాసిచ్చాడు కూడా. ఖాతాలో సొమ్ము లేదన్న చీటీ తగిలించుకుని ఆ చెక్కు ఎంచక్కా తిరిగొచ్చింది.

కంగారేం లేదు, 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలో 138వ సెక్షన్ ఉంది. రెండేళ్ల దాకా జైలు, చెక్కు మొత్తానికి రెండింతల దాకా జరిమానా. చదివితే ఎగ్గొట్టినవాడికి చెమటలు పట్టాలి. పట్టవు. పరుగులన్నీ ఇచ్చినవాడివే మరి! చీటీ అందిన 30 రోజుల్లో నోటీసివ్వాలి, ఒక్కరోజు దాటినా కేసు లేదు. కట్టుకోవడానికి అవతలివాడికి 15 రోజులు. అదీ అయ్యాక నెలలోపు ఫిర్యాదు. కోర్టుకు మాత్రం ఆరు నెలల్లో తేల్చే ప్రయత్నం చేయమని చట్టం సుతారంగా చెప్పింది. ప్రయత్నం ఘనంగానే సాగుతోంది: 2019 చివరికి పెండింగులో ఉన్న 2.31 కోట్ల క్రిమినల్ కేసుల్లో 35 లక్షల పైచిలుకు ఈ చెక్కులవేనని సుప్రీంకోర్టే లెక్క చెప్పింది.

వాయిదా రోజు చూడాలి వైభోగం. పెదనాన్న మొదటి బస్సుకే దిగి వరండాలో గోడకి ఆనుకుని నిలబడతాడు. బంట్రోతు ముద్దాయి పేరు మూడుసార్లు పిలుస్తాడు. రాడు. జ్వరమని వకీలు ఆబ్సెంట్ పిటిషన్ వేస్తాడు, వాయిదా పడుతుంది. అదే జ్వరం పెదనాన్నకొచ్చిందనుకోండి, ఫిర్యాది గైర్హాజరని కేసు కొట్టేసి ముద్దాయిని వదిలేసే అధికారం మేజిస్ట్రేటుకుంది. జ్వరం కూడా ముద్దాయికొస్తేనే చెల్లుతుంది.

ఎలాగో క్రాస్ ఎగ్జామినేషన్ దాకా వచ్చింది. సంతకం మా క్లయింటుదే, పైన రాత ఆయనది కాదన్నాడు వకీలు. సంతకం పెట్టి ఖాళీ చెక్కు చేతికిచ్చినా బాధ్యత పోదని సుప్రీంకోర్టు 2019లో తేల్చేసింది. అయితేనేం, ఇంకో బాణం తీశాడు. అసలు మీకు మూడు లక్షలిచ్చే తాహతుందా? ఐటీ రిటర్న్‌లో చూపించారా? అప్పు అడిగిన రోజున పెదనాన్న ఊరికి మోతుబరి. బోనెక్కిన రోజున బికారి.

ఇంకా నొక్కితే మన జిల్లాల్లో బ్రహ్మాస్త్రం వేరే ఉంది: ఐపీ పెడతా! దీనికి మూలం 1920 నాటి దివాలా చట్టం. 500 రూపాయల బాకీ ఉంటే చాలు, దివాలా ఎత్తానని దర్జాగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. నలుగురు హోటల్లో టిఫిన్ తింటే ఆ అర్హత వచ్చేస్తుంది.

పెద్దవాళ్లు ఐపీ లాంటి మోటుమాటలు వాడరు. వాళ్లకి 2016లో ప్రత్యేకంగా కోడ్ తెచ్చారు. అక్కడ దివాలాని రిజల్యూషన్ అంటారు, అప్పిచ్చినవాడు పోగొట్టుకునేదాన్ని హెయిర్ కట్ అంటారు. వీడియోకాన్ వ్యవహారంలో 64 వేల కోట్ల పైచిలుకు బాకీకి 2,962 కోట్ల బేరం కుదిరింది. ఇది క్షవరమా, నున్నటి గుండా అని 2021లో ముంబైలోని కంపెనీ లా ట్రిబ్యునలే (ఎన్‌సీఎల్‌టీ) ముక్కున వేలేసుకుంది. వేలేసుకుంటూనే ఆమోదముద్ర వేసింది! మరుసటి ఏడు అప్పీలు ట్రిబ్యునల్ దాన్ని కొట్టేసింది, అది వేరే సంగతి. తిరుమలలో గుండు కొట్టించుకుంటే పుణ్యమైనా దక్కుతుంది. ఇక్కడ కత్తి బ్యాంకు మెడ మీదుంటే, రాలే జుట్టు మనది.

మొన్నటి వాయిదాకి కుర్రాడు స్వయంగా వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో కొత్త ఫోను. పెదనాన్నని చూసి ఎదురొచ్చాడు. "బాగున్నారా బాబాయ్ గారూ? చిక్కిపోయారేంటి? రండి, టీ తాగుదాం" అని చెయ్యి పట్టుకుని కోర్టు ఎదురుగా ఉన్న బంకు దగ్గరికి తీసుకెళ్లాడు. రెండు స్పెషల్ టీలు చెప్పాడు, సమోసాలు కూడా. తాగాక ఫోను తీసి స్కాన్ చేసి, తల అడ్డంగా ఊపాడు. సర్వర్ డౌనట.

పెదనాన్న జేబులోంచి బస్సు చార్జీ డబ్బులు తీశాడు.