అలకపాన్పు మీద అయిదో ర్యాంకు

ఆల్ఫారెటా, జార్జియా
31 డిసెంబర్ 2023

బావగారూ,

నిన్న ఫోనెత్తలేదని అక్క కోప్పడిందట. పక్కింటి అమెరికా ఆయన ఫుట్‌బాల్ మ్యాచ్ టీవీలో చూద్దామని పట్టుబట్టి వాళ్లింటికి లాక్కుపోయాడు. ఇక్కడి ఫుట్‌బాల్లో కాలికి పని తక్కువ లెండి, బంతిని చంకలో ఇరికించుకుని పరుగెత్తడమే.

ఆరెంజ్ బౌల్ అని మయామీ దగ్గర ఏటా జరుగుతుంది. ఈసారి మా జార్జియా యూనివర్సిటీకీ ఫ్లోరిడా స్టేట్‌కీ పడింది. దేశంలో మావాళ్లది ఆరో ర్యాంకు, వాళ్లది అయిదు. హోరాహోరీగా ఉంటుందనుకుంటాం కదా? మావాళ్లు 63–3తో గెలిచారు!

ఓడినవాళ్లు చేతకానివాళ్లేం కాదు. ఈ సీజన్లో అంతకు ముందు ఆడిన 13 మ్యాచ్‌లూ గెలిచారు. అసలు ఛాంపియన్‌షిప్‌కి నాలుగు జట్లనే పిలుస్తారు. ఒక్కో మ్యాచ్ ఓడిన టెక్సస్‌కీ అలబామాకీ పిలుపు వచ్చింది, ఒక్కటీ ఓడని ఫ్లోరిడా స్టేట్‌కి రాలేదు. జట్టును నడిపే జోర్డాన్ ట్రావిస్ నవంబరులో కాలు విరగ్గొట్టుకున్నాడు, అతను లేకుండా మీరేం ఆడతార్లే అన్నారు జట్లను ఎంచే కమిటీ పెద్దలు. ఓడిపోయే అవకాశం ఉందని గెలిచినవాణ్ణి పక్కన పెట్టడం మన పంచాయతీల్లో కూడా చూడలేదు. ఫ్లోరిడా గవర్నరు డిసాంటిస్‌కి ఒళ్లు మండి, కావాలంటే కోర్టుకెక్కండంటూ బడ్జెట్లో 10 లక్షల డాలర్లు ప్రతిపాదించాడు.

ఇక ఆ జట్టు అలక చూడాలి! మీ పెళ్లిలో మా నాన్న చేతి గడియారం విప్పి ఇచ్చేదాకా మీరు పాన్పు దిగలేదు గుర్తుందా? అదే వరస. ఇరవై మందికి పైగా ఆటగాళ్లు మేం ఆడం పొమ్మన్నారు. కొందరు దెబ్బ తగిలితే ఎన్‌ఎఫ్‌ఎల్ అనే ప్రొఫెషనల్ లీగులో ఉద్యోగం పోతుందని, కొందరు వేరే కాలేజీ చూసుకుంటున్నామని. ట్రావిస్ తర్వాతి వాడూ మూట సర్దేశాడు. చివరికి బ్రాక్ గ్లెన్ అని మొదటి ఏడాది కుర్రాడి చేతిలో బంతి పెట్టి, పోయి ఆడుకో నాయనా అన్నారు. పాపం, వాడేం చేస్తాడు?

మా జట్టు పేరు బుల్‌డాగ్స్. కాబట్టి అభిమానులు చప్పట్లు కొట్టరు, మొరుగుతారు. పక్కింటాయన అత్తగారు, మనవలున్న పెద్దావిడ, చెవులకి ముత్యాల దుద్దులు. మొదటి టచ్‌డౌన్‌కి ఆవిడ సోఫాలోంచి లేచి మరీ భౌభౌమంది. టచ్‌డౌన్‌కి ఆరు పాయింట్లు, కొసరు ఒకటి. రెండోదానికీ మొరిగింది. అయిదోదానికి కూర్చునే మొరిగింది. సగం ఆటకి 42–3, అప్పటికి ఆవిడ అల్లిక సంచీ తీసింది. మొత్తం తొమ్మిది టచ్‌డౌన్లు, ఏడు తొమ్ముళ్లు అరవై మూడు. ఆఖర్న మొరిగే ఓపిక ఎవరికీ లేదు. మీ చెల్లెలు పట్టుకెళ్లిన పులిహోర చుట్టూ చేరి, ఇందులో ఈ పల్లీలేమిటని ఆరా తీశారు. నా వరకు నేను ఆ కుర్రాడి ప్రతి పరుగుకీ లోలోపల జేజేలు కొట్టాను. పైకి అంటే ఆ ఇంట్లో నన్ను బతకనిచ్చేవారు కాదు.

సీజన్ చివర ఆడే ఇలాంటి బౌల్ మ్యాచ్‌ల చరిత్రలో ఇంత తేడా ఎన్నడూ లేదట. ఇంతకు ముందు రికార్డూ మావాళ్లదే. ఈ ఏడాది జనవరిలోనే టీసీయూ అనే జట్టుని 65–7తో ఉతికారు. అంత గెలిచీ మావాళ్ల కోచ్ కిర్బీ స్మార్ట్ మొహంలో సంతోషం లేదు, ఈ పద్ధతి బాగుచేయాలని ఆయనే అన్నాడు. వచ్చే సీజన్నుంచి నాలుగు కాదు, 12 జట్లను పిలుస్తారట. పదమూడోవాడు అప్పుడు పాన్పెక్కుతాడు.

సంక్రాంతికి అరిసెలు పంపేటప్పుడు పక్కింటికి కూడా ఓ డబ్బా వేయమనండి అక్కని. మా జట్టు గెలిచినందుకు కాదు, ఓడినప్పుడు పెట్టడానికి. ఈ నెల మొదట్లో అలబామా చేతిలో ఓడిన రాత్రి ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదు.

మీ బావమరిది