పుట్టిలో తియ్యకూడని మాట (టీకా తాత్పర్య సహితం)

మూలం

“ఆ పిల్ల మనకు వరసైతది గాని వదినా, పుట్టిల ఆ మాట తియ్యకు.”

అవతారిక

ఇది తాళపత్రాల్లో దొరికిన వాక్యం కాదు. మక్తల్ దగ్గర పంచదేవ్ పహాడ్ రేవులో పుట్టి కోసం కూర్చున్న ఇద్దరు ఆడవాళ్లలో చిన్నావిడ పెద్దావిడ చెవిలో అన్నది. చెవిలోనే అన్నది. గాలి మాత్రం నా వైపు వీస్తోంది. రేవు తెలంగాణలో ఉంది. ఎదురుగా కృష్ణ పాయలు పాయలై చుట్టుకున్న గడ్డలు కర్ణాటకవి, రాయచూరు జిల్లావి. కుర్వకుల, కుర్వకుర్ద, నారదగడ్డ అని వాటికి పేర్లు. ఆ ఇద్దరూ ఏ గడ్డ వాళ్లో నాకు తెలుసు, చెప్పను. ఊరు చెబితే పిల్ల ఎవరో చెప్పినట్టే. అక్కడ జనం అంత తక్కువ, చుట్టరికం అంత ఎక్కువ.

మెతుకుసీమ కొలిచెలమకు చెందిన మల్లినాథ సూరి, మూలంలో లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకుని కాళిదాసుకు వ్యాఖ్యానాలు రాశాడు. ఆయనకు సర్గలకు సర్గలు చేతిలో ఉన్నాయి గనక ఆ నియమం సాగింది. నా చేతిలో ఉన్నవి పది మాటలు. అక్కర్లేనిది కూడా చెప్పక తప్పదు.

ప్రతిపదార్థం

ఆ పిల్ల = ఆ పిల్ల. ఇక్కడ పేరు లేకపోవడమే విశేషం. పట్నంలో ‘ఆ పిల్ల’ అంటే ‘ఏ పిల్ల?’ అని ఎదురుప్రశ్న వస్తుంది. ఇక్కడ రాలేదు. పెద్దావిడ తలైనా తిప్పలేదు. అంటే ఈ సంభాషణ రేవులో మొదలైంది కాదు, కనీసం మూడు వంటిళ్లు తిరిగి రేవుకు చేరింది. ఇంకో సంగతి. పెళ్లయిపోయి ఉంటే ‘ఫలానావాళ్ల కోడలు’ అనేవాళ్లు. ‘పిల్ల’ అన్నారు గనక వ్యవహారం ఇంకా తేలలేదని గ్రహించాలి.

మనకు = నీకూ నాకూ. ఈ చిన్న మాట దగ్గరే ఈ వ్యాఖ్యాత దొంగను పట్టాడు. తెలుగులో ‘మా’ వేరు, ‘మన’ వేరు. ‘మాకు’ అంటే వినేవాళ్లు బయట, ‘మనకు’ అంటే వినేవాళ్లు లోపల. నేటి కన్నడంలో రెంటికీ ‘నమగె’ ఒక్కటే. గడ్డ మీద రెండు భాషలూ వాడతారు. ఆ చిన్నావిడ ఆ పూట కన్నడంలో మాట్లాడి ఉంటే రహస్యం దక్కేది. తెలుగులో ‘మనకు’ అంది. దాంతో ఆ పిల్ల ఇద్దరికీ ఒకే విధంగా వరస అవుతుందని తానే ఒప్పుకున్నట్టయింది. అది ఎలా కుదురుతుందన్నదే ఈ టీకాకంతటికీ ప్రాణం.

వరసైతది = వరస అవుతుంది. వరస అంటే బారు, క్రమం, బంధుత్వం. ‘వావి వరస లేదా’ అని తిట్టినప్పుడు ఆ మాట కంచె. ‘వరసైన పిల్ల’ అన్నప్పుడు అదే మాట కంచెలో దిడ్డి. ఇక్కడ రెండోదే. ‘మన పిల్లాడికి చేసుకోవచ్చు’ అని భావం.

వదినా = సంబోధన. అన్న భార్యను గానీ భర్త అక్కను గానీ ఇలా పిలుస్తారు. ఎవరైనా లెక్క ఒకటే: ఈ ఇద్దరి పిల్లలూ ఒకరికొకరు మేనత్త మేనమామ బిడ్డలు, బావామరదళ్లు.

పూర్వపక్షం

ఇక్కడ శిష్యుడు లేచి అడగాలి. శిష్యులు లేరు గనక నేనే అడుగుతున్నాను. ఒక పిల్ల వదిన కొడుక్కి మరదలైతే, నా కొడుక్కి ఏమవుతుంది? బావకు మరదలంటే మనకు చెల్లెలు. దీనికి ఏ శాస్త్రమూ చూడక్కర్లేదు, ఏ తెలుగింటి ముసలావిడను అడిగినా రెప్ప వేసేలోగా చెబుతుంది. కాబట్టి ఆ పిల్ల వీళ్లిద్దరిలో ఒకరికే వరస కావాలి. ‘వదినా’ నిజమైతే ‘మనకు’ అబద్ధం. ‘మనకు’ నిజమైతే ‘వదినా’ అబద్ధం. చిన్నావిడ ‘అక్కా’ అని పిలిచి ఉంటే చిక్కే లేదు, టీకా ఇక్కడితో ముగిసేది.

‘మనకు’ అనేది ఊరికే మర్యాదకన్న మాట అని ఒక సమాధానం చెప్పొచ్చు. వ్యాఖ్యాతకు ఓపిక లేనప్పుడు చెప్పే సమాధానం అది.

సిద్ధాంతం వేరే ఉంది. ఒకతను అక్క కూతుర్ని పెళ్లాడాడు. ఈ ప్రాంతంలో అదేం వింత కాదు. తెలుగు మేనమామకీ కన్నడ సోదరమావకీ అక్క కూతురి మీద మొదటి హక్కు ఉందని పాత మాట. ఆమెను బయటికి ఇవ్వాలంటే ముందు ఆయన్ని అడగాలి. సరే, ఆ దంపతులకు ఒక కొడుకు పుట్టాడు. ఆ పిల్లాడికి తల్లి చెల్లెలు ఏమవుతుంది? అమ్మ వైపు నుంచి పిన్ని. నాన్న వైపు నుంచి లెక్కపెట్టండి. ఆమె నాన్నకు అక్క కూతురే గదా, అంటే మేనత్త కూతురు, మరదలు! వాడికి అమ్మమ్మే మేనత్త. చేతులెత్తి దండం పెట్టాల్సిన మనిషీ చేయి పట్టుకోదగిన మనిషీ ఒక్కరే అయ్యారు.

ఇలాంటి పెళ్లి ఇంటికొకటి చొప్పున మూడు తరాలు జరిగాక, నాలుగు వైపులా నీళ్లున్న చోట, ఎవరు ఎవరికి ఏమవుతారన్నది ఏ రేవు నుంచి లెక్క మొదలుపెట్టామన్నదాన్ని బట్టి ఉంటుంది. అందుకే ‘వదినా’ ఒక దారిన నిజం, ‘మనకు’ ఇంకో దారిన నిజం. గడ్డ మీద రహస్యమంటే ఎవరికీ తెలియని సంగతి కాదు. అందరికీ తెలిసిన రెండు లెక్కల్లో ఏ ఇంటివాళ్లు ఏ లెక్క పట్టుకున్నారన్నదే అక్కడ రహస్యం. అది పైకి చెబితే రెండో లెక్క పట్టుకున్నవాళ్లతో తగువు.

ప్రేమల సంగతి కూడా ఇందులోనే తెలుస్తుంది. నిన్నటిదాకా ‘పిన్నీ’ అని నోరారా పిలిచిన కుర్రాడు ఒకరోజు ఏ పిలుపూ లేకుండా ‘నీళ్లియ్యి’ అన్నాడనుకోండి. ఉత్తరాలు పట్టుబడక్కర్లేదు, ఫోను వెతకక్కర్లేదు. వాడు అమ్మ రేవు విడిచి నాన్న రేవుకు వచ్చాడని వంటింట్లో ఉన్న ప్రతి ఆడమనిషికీ అర్థమవుతుంది. ఆ పిల్ల నీళ్లిచ్చి కూడా తలెత్తకపోతే రెండో వైపు సంగతీ తేలిపోయినట్టే.

ప్రమాణాలు

ఈ గొడవ కొత్తది కాదు. బౌధాయనుడు తన ధర్మసూత్రాల్లో దక్షిణాదివాళ్ల ప్రత్యేకాచారాలు అయిదు లెక్కపెట్టాడు. ఉపనయనం కానివాడితో కలిసి తినడం, భార్యతో కలిసి తినడం, చద్దన్నం తినడం, మేనమామ కూతుర్ని చేసుకోవడం, మేనత్త కూతుర్ని చేసుకోవడం. మేనరికాన్ని చద్దన్నం పక్కన కూర్చోబెట్టిన ఆ మహానుభావుడికి నమస్కారం. రెండూ ఇంట్లో మిగిలిపోయిందాన్ని పారబోయకూడదన్న జాగ్రత్తే! ఉత్తరాదివాళ్ల అయిదింటిలో సముద్రయానం ఒకటి. వాళ్లు దాటరాని నీళ్లు దాటితే మనవాళ్లు పెళ్లికి వీధి కూడా దాటలేదు.

మితాక్షర రాసిన విజ్ఞానేశ్వరుడు ఈ సీమవాడే అనుకోవచ్చు, కల్యాణ చాళుక్యుల కొలువులోవాడు. ఒకే దేహపు అంశలు పంచుకున్నవాళ్లు సపిండులని ఆయన వ్యాఖ్యానం. ఆ లెక్కన గడ్డ మొత్తానికి పిండం ఒకటే. 1955 హిందూ వివాహ చట్టం మేనమామా మేనకోడళ్లను నిషిద్ధ సంబంధాల్లో చేర్చి, ఆచారం అనుమతిస్తే అడ్డు లేదని పక్కనే రాసింది. కంచె వేసి దిడ్డి వదలడం శాసనకర్తలకూ తప్పలేదన్నమాట.

అమెరికా పండితుడు మోర్గన్ 1871లో లోకంలోని చుట్టరికాల పేర్లన్నీ పట్టికలు వేసి, మన దక్షిణాది వరసలకూ తన దేశంలోని సెనెకా ఆదివాసుల వరసలకూ ఉన్న పోలిక చూసి ఆశ్చర్యపోయాడు. ఆయన రేవులో కూర్చుని ఉంటే పట్టికలు తడిసేవి. మనవాళ్లకు దగ్గరి ఉదాహరణ మాయాబజార్ ఉండనే ఉంది. 1957లో వచ్చిన ఆ సినిమా కథంతా మేనరికం మాట తప్పిన గొడవ కాదూ? అక్కడ ఘటోత్కచుడు వచ్చి చక్కబెట్టాడు. ఇక్కడ రావడానికి వంతెన లేదు.

మళ్లీ ప్రతిపదార్థం

గాని = కాని. దీనికి ముందున్నది ఇంట్లో తెలిసిన సంగతి, తర్వాతది బయట నడిచే సంగతి.

పుట్టిల = పుట్టిలో. ఇది శ్లేష. పుట్టి అంటే జన్మించి అనీ, ఇరవై తూముల ధాన్యం కొలత అనీ, గుండ్రని తెప్ప అనీ మూడర్థాలు. మొదటి అర్థానికి క్షేత్రబలం ఉంది. కృష్ణ మధ్యనున్న కురువపురం శ్రీపాద శ్రీవల్లభుల తపోభూమి. అక్కడి చాకలివాడొకడు రాజభోగం చూసి మనసుపడితే, మరుజన్మలో బీదరులో పాలకుడై పుట్టాడని గురుచరిత్ర కథ. కోరిక తీరకపోతే మళ్లీ పుట్టాల్సిందే. ఆ స్వామి మాత్రం పదహారేళ్ల వయసులో పెళ్లిమాట ఎత్తగానే పిఠాపురంలో ఇల్లు విడిచాడని చెబుతారు. పెళ్లి వద్దని బయల్దేరినవాడు చివరికి చేరిన చోట, ఈనాడు పుట్టి ఎక్కిన ఇద్దరి మధ్య నడిచే మాటలన్నీ పెళ్లి మాటలే.

ఇక తెప్ప. వెదురు బద్దల బుట్ట, వెనకటికి దాని కింద తోలు, ఇప్పుడు ప్లాస్టిక్ పట్టా, తారు. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు బాటసారి దొమింగో పాయెస్, ఆనెగొంది దగ్గర తుంగభద్ర మీద ఇలాంటివే చూసి రాశాడు: పదిహేను ఇరవై మంది పడతారట, తెడ్డు వేసినా సూటిగా పోక గిర్రున తిరుగుతూనే ఉంటుందట. అదే ఇక్కడి రహస్యాలకు పడవ. అందరూ గుండ్రంగా, ఒకరి ముఖం ఒకరికి కనబడేలా కూర్చోవాలి. వెనక వరస, చివరి సీటు అనేవి లేవు. బుట్ట తిరుగుతుంటే ఇప్పుడు నీ ఎదురుగా ఉన్నవాడు కాసేపటికి ఒడ్డుకు ఎదురుగా ఉంటాడు. ఇందులో గుసగుస కుదరదు.

ఇంకో కారణమూ ఉంది, అది నవ్వులాట కాదు. పుట్టిలో కోపమొచ్చి ఒకరు లేచి నిలబడితే బరువు ఒక పక్కకు ఒరుగుతుంది. పైన నారాయణపూర్ డ్యాం గేట్లెత్తిన రోజుల్లో ఈ నది ఎలా ఉంటుందో ఇక్కడివాళ్లకు తెలుసు. 2020 ఆగస్టులో ఈ నీళ్లలోనే పుట్టి మునిగి మనుషులు పోయారు. కాబట్టి పెళ్లి మాట పుట్టిలో తియ్యొద్దనడంలో సగం మర్యాద, సగం ప్రాణభయం.

తియ్యకు = బయటికి తీయవద్దు. ‘చెప్పకు’ అనలేదు, ‘అనకు’ అనలేదు. ముల్లు తీస్తారు, పెట్టె అడుగునున్న పట్టుచీర తీస్తారు, మాటా తీస్తారు. అది లోపల ఉందన్న సంగతి మాత్రం అందరూ ఎరుగుదురు.

పాఠాంతరం

నా పక్కన బీడీ కాలుస్తూ కూర్చున్న పెద్దమనిషి తనకు ‘వరసైతది’ అని కాదు, ‘వరస గాదు’ అని వినబడిందన్నాడు. ఈ పాఠం ఒప్పుకుంటే కథ తలకిందులవుతుంది. చెల్లెలి వరసైన పిల్ల మీద ఎవడో మనసుపడ్డట్టు తేలుతుంది. ఆ పాఠాన్ని నేను తిరస్కరిస్తున్నాను. వరస కాని మాటైతే రేవులో కూడా తీసేవాళ్లు కాదు. పెద్దమనిషి మాత్రం ఒప్పుకోలేదు. గడ్డల మీదివాళ్ల సంగతి తనకు బాగా తెలుసునన్నాడు. ఎలా తెలుసని అడిగితే, ఆ గడ్డ తనకు అత్తవారిల్లన్నాడు.

నామనిర్ణయం

కన్నడంలో కురువ అంటే నీళ్ల మధ్య మెట్ట. ఖుర్ద్ అంటే ఫార్సీలో చిన్నది. నిజాం కాలపు దఫ్తర్లలో పెద్ద ఊరిని కలాన్ అనీ చిన్న ఊరిని ఖుర్ద్ అనీ రాసేవాళ్లు. కుర్వకుర్ద చిన్న కుర్వ అయితే కుర్వకుల పెద్ద కుర్వ, కుర్వ కలాన్ అయి ఉంటుందని ఈ వ్యాఖ్యాత ఊహ. జనం నోట్లో కలాన్ కాస్తా కులమైంది. ఇంతకన్నా సార్థకమైన అపభ్రంశం నేను వినలేదు.

ఆ రోజుల్లో రెండు ఒడ్లూ హైదరాబాదు రాజ్యమే. గద్వాల, అలంపురం కూడా రాయచూరు జిల్లాలోనే ఉండేవి. 1956లో రాష్ట్రాలు భాషను బట్టి విడిపోయినప్పుడు అవి మహబూబ్‌నగర్‌కు వెళ్లాయి. మేనత్త ఒక రాష్ట్రంలో, మేనమామ ఇంకో రాష్ట్రంలో మిగిలారు. భాష గీత గీయగలిగింది గాని, ‘వరసైతది’ అన్న మాట ఇప్పటికీ రెండు ఒడ్ల మీదా చెల్లుతుంది.

తాత్పర్యం

పుట్టి వచ్చింది. అందరం ఎక్కాం. ఆ ఇద్దరూ చెరో పక్కన కూర్చున్నారు. దాటినంతసేపు ఎండ గురించీ మిరపకాయల ధర గురించీ తప్ప ఏమీ మాట్లాడలేదు. తెడ్డు వేస్తున్న కుర్రాడికి పాతికేళ్లుంటాయి. మంచి నేర్పరి, పుట్టి రెండే చుట్లు తిరిగింది. గడ్డ చేరాక అందరి దగ్గరా కూలి తీసుకున్నాడు, ఆ ఇద్దరి దగ్గర తీసుకోలేదు. చుట్టాలా అని అడిగాను. ఇక్కడ చుట్టం కానిదెవరు సార్ అన్నాడు.

నేను గట్టు ఎక్కుతుంటే వెనక నుంచి పిలిచాడు.

“ఉగాది దాటినంక మా అక్క బిడ్డ లగ్గముంది సార్. మీరు రావాలె.”

పెద్దావిడ కొంగు సర్దుకుంది. చిన్నావిడ చెప్పులు వెతుక్కుంది. పెళ్లికొడుకెవరని నేను అడగలేదు.