సోలార్ లెక్కల బాబాయ్

సోలార్ లెక్కల బాబాయ్ ఏలూరు జిల్లా నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు ప్రాంతాల్లో విరివిగా కనిపించే గృహస్థు. వయసు యాభై అయిదు దాటి ఉంటుంది. పదెకరాల లోపు మామిడి తోట, ఊళ్లో డాబా ఇల్లు, పిల్లలు సెలవులకొస్తే తప్ప వెయ్యని ఏసీ, చొక్కా జేబులో నాలుగు మడతల కరెంటు బిల్లు ఇతని ఆనవాళ్లు. డాబా మీద సోలార్ పలకలు పెట్టించాలా వద్దా అన్న సంగతి 2024 ఫిబ్రవరి నుంచి తేలుస్తూనే ఉన్నాడు. కోటి ఇళ్లు లక్ష్యంగా, 75,021 కోట్ల రూపాయల అంచనాతో కేంద్రం పీఎం సూర్యఘర్ పథకం మొదలుపెట్టింది ఆ నెలలోనే. సబ్సిడీ మొదటి రెండు కిలోవాట్లకు ఒక్కోదానికి 30,000, మూడోదానికి 18,000, ఆపైన ఎంత పెట్టినా మొత్తం 78,000 దాటదు. ఈ అంకెలు బాబాయ్‌కి కంఠతా వచ్చు. మనవరాలి పుట్టినరోజు మాత్రం ఫోన్లో చూసుకోవాలి.

ఇతని కోపానికి మూలం బొగ్గు. తోట మోటారుకు కరెంటు 2004 నుంచి ఉచితం కాబట్టి, ఇంటి మీటరుకు డబ్బు కట్టడమే ఇతనికి అవమానంగా తోస్తుంది. దానికి తోడు బిల్లులో ఇంధన సర్దుబాటు అని ఒక వరుస ఉంటుంది. ఇబ్రహీంపట్నంలో 1979 నుంచి నడుస్తున్న నార్ల తాతారావు థర్మల్ కేంద్రం లాంటివి సింగరేణి నుంచీ ఒడిశా నుంచీ వచ్చే బొగ్గుతో నడుస్తాయి. బొగ్గు, రవాణా ఖర్చు పెరిగితే ఆ తేడా కొంతకాలానికి వాడకందారు బిల్లులోకే చేరుతుంది.

“బొగ్గు రేటు పెరిగింది బాబాయ్,” అంటాడు బిల్లు కొట్టే కుర్రాడు.

“పెరిగితే? బొగ్గు నేనేమన్నా తిన్నానంట్రా?”

నెలకు 300 యూనిట్లు దాటితే ప్రభుత్వ పథకాల జాబితాలోంచి పేరు ఎగిరిపోతుందన్న భయం వేరే ఉంది. అందుకే మీటరు ఆ గీత దగ్గరికొచ్చేసరికి ఇంట్లో ఫ్యాన్లు ఒక్కొక్కటే ఆగుతాయి.

అసలు విద్య స్లాబుల దగ్గర బయటపడుతుంది. 2022 ఆగస్టు నుంచి అమల్లోకొచ్చిన ధరల ప్రకారం మొదటి 30 యూనిట్లు ఒక్కోటి 1.90 రూపాయలు, 75 దాకా 3, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75. ఆ లెక్కన 300 యూనిట్లకు, ఇతర చార్జీలు కాకుండా, సుమారు 1,673 రూపాయలు. ఒక కిలోవాటు పలకలు నెలకు రమారమి 120 యూనిట్లు ఇస్తాయి. మొదటి కిలోవాటు కోసేది పై మెట్టులోని ఖరీదైన యూనిట్లను కాబట్టి దాదాపు 926 రూపాయలు మిగులుతాయి. రెండోది 600 మిగులుస్తుంది. మూడోదానికి కోయడానికి మిగిలేది అడుగునున్న 60 చవక యూనిట్లే, వాటి విలువ 147 రూపాయలు. మిగులు కరెంటు గ్రిడ్డుకు పోతుంది గానీ, దానికొచ్చే ధర పై స్లాబు ధరకు చాలా దూరం. ఇదంతా బాబాయే కాగితం మీద వేసి చూపిస్తాడు. చూపించి, “అయినా మూడే పెట్టాలి. పద్దెనిమిది వేలు ఎవడొదులుకుంటాడు?” అంటాడు. ఆ పద్దెనిమిది వేల కోసం చేతి నుంచి పడే సొమ్ము ఆ కాగితంలో ఉండదు.

సబ్సిడీ పలకలు బిగించి నెట్ మీటరు పెట్టిన తర్వాతే ఖాతాలో పడుతుంది. ఈ వరస ఇతనికి మింగుడుపడదు. బ్యాంకు అప్పు ఇస్తుందన్నా, పలకల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరులో 12 శాతం నుంచి 5కి తగ్గిందన్నా, “ఇంకా తగ్గుతుందేమో చూద్దాం” అంటాడు. విజయవాడ నుంచి వచ్చిన కంపెనీ కుర్రాడు పాతికేళ్ల వారంటీ గురించి చెబితే, “పాతికేళ్లకి మీ కంపెనీ ఉంటుందా?” అని నిలదీస్తాడు. అయిదారేళ్లలో పెట్టుబడి తిరిగొస్తుందంటే కాగితం మీద రాసిమ్మంటాడు. ఇంతటి మనిషీ పుష్య మాసంలో పూత చూసి తోట కాపంతా వ్యాపారికి అమ్మేస్తాడు. చేతికొచ్చేది బయానా మాత్రమే. తేనెమంచు పురుగు, పిందె రాలుడు, గాలివాన, నున్న మామిడి మార్కెట్లో ధర, వీటిలో ఏది తిరగబడ్డా వ్యాపారి బాకీ ఎగ్గొట్టడానికి చూస్తాడని ఇతనికి తెలుసు. ఏడాదికోసారి లక్షల్లో జూదమాడే మనిషికి, రోజూ ఠంచనుగా పొడిచే సూర్యుడి మీద మాత్రం హామీదారు కావాలి.

ఇంట్లో అభ్యంతరం వేరు. మూడు కిలోవాట్లకు దాదాపు 300 చదరపు అడుగుల డాబా కావాలి. ఏప్రిల్, మే నెలల్లో ఆ డాబా పిన్నిగారిది. చాపల మీద రసం పొరలు పొరలుగా పోసి తాండ్ర ఎండబెడుతుంది, ఓ మూల ఒరుగులు, మరో మూల మిరపకాయలు. “పలకలెక్కడ పెడతారో పెట్టుకోండి. నా ఎండ జోలికి రావద్దు,” అన్నది ఆవిడ తీర్పు. ఎత్తు కాళ్ల స్టాండు వేస్తే కింద నడవొచ్చు గానీ, ఖర్చు పెరుగుతుంది, తాండ్రకు నీడ పడుతుంది. ఇక పడమట గోడ పక్కన చిన్న రసం మామిడి చెట్టు. పలకలను వరుసగా కలిపి బిగిస్తారు కాబట్టి ఒక్కదానిమీద కొమ్మ నీడ పడ్డా మిగతావాటి ఉత్పత్తి కూడా దిగిపోవచ్చు. కొమ్మ కొట్టెయ్యమంటే, “అది మా నాన్న అంటు కట్టిన చెట్టు” అని కుర్రాణ్ణి కిందికి దించేస్తాడు.

ఇన్ని గండాలు దాటి చివరికి పెట్టిస్తాడు, తోడల్లుడు పెట్టించిన మర్నాడు. మే నెల గాలిదుమారానికి ఊరంతా కరెంటు పోతే ఒక్క తన ఇంట్లోనే ఫ్యాన్లు తిరుగుతాయని ఊహించుకుంటాడు. బ్యాటరీ లేని గ్రిడ్ సోలార్ అలా పని చేయదు. లైను మరమ్మతు చేసేవాడికి షాకు తగలకుండా, గ్రిడ్డులో కరెంటు పోగానే ఇన్వర్టరు తనంతట తనే ఆగిపోతుంది. నడినెత్తిన ఎండ కాస్తుండగా బాబాయ్ విసనకర్ర పట్టుకుని కంపెనీకి ఫోన్ కొడతాడు. పలకలు వేడెక్కితే ఉత్పత్తి కొంత తగ్గుతుందని కూడా ఆ ఫోన్లోనే తెలుస్తుంది. అప్పటినుంచి రోజూ పొద్దున్నే డాబా ఎక్కి, మామిడి పూతకు మందు కొట్టే శ్రద్ధతో, పలకలకు నీళ్లు కొడతాడు. ఫోన్లో యూనిట్లు చూసి తోడల్లుడి యూనిట్లు అడుగుతాడు. రెండు తక్కువైతే మళ్లీ డాబా ఎక్కుతాడు.

బిల్లు దాదాపు సున్నాకు వచ్చినా ఫిక్స్‌డ్ చార్జీలు ఉంటాయి. వాటి సంగతి తేల్చుకోవడానికి బాబాయ్ విద్యుత్ ఆఫీసుకు మోటారు సైకిలు మీద పోయివస్తుంటాడు. పెట్రోలు లెక్క మాత్రం ఎక్కడా రాయడు.